తిట్టిన ఆటే అమ్ముడుపోతుందన్నాను

ఒక్క నోరు, ఒక్క సలహా, రెండు దుకాణాలు. రెండూ ఒకే రోజు, ఒకే పూట, ఒకే మనిషి పుణ్యాన మునిగాయి. చెరువు కట్ట తెగితే ఒక వైపే పారుతుంది. నేను తెగితే రెండు వైపులా పారాను. ఆ ముచ్చట చెబుతాను, నవ్వండి. కానీ ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

నాది నర్మెట్ట దగ్గరి ఊరు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. అందుకే నా విషయంలో నోరు ఎప్పుడూ ముందు నడుస్తుంది, బుద్ధి వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వస్తుంది.

నా పని చింతచెట్లు గుత్తకు పట్టడం. కాయ చెట్టు మీద ఉండగానే చుట్టూ తిరిగి చూసి, ఎంత దిగుతుందో అంచనా కట్టి, కాపంతా మాట్లాడుకోవడం. అందులో ఒక పద్ధతుంది. చెట్టు నచ్చినవాడు చచ్చినా పొగడడు. "గిదేం చెట్టు, పురుగుల చెట్టు, ఊకె ఇచ్చినా వద్దు" అని ఉమ్మేసి పోతాడు. మర్నాడు పొద్దున్నే సంచులు పట్టుకొని వాడే వస్తాడు. "అబ్బ, బంగారమసోంటి చెట్టన్నా!" అన్నవాడు మళ్ళీ ఆ దారిన కనపడడు. పొగిడిన నోరు కొనదు, తిట్టిన నోరు విడవదు. ఈ ఒక్క సూత్రం మీదే నేను జనగామ నుంచి మహబూబాబాద్ దాకా పేరు తెచ్చుకున్నాను. ఆ పేరంతా ఎక్కడ పోయిందో ఇప్పుడు వినండి.

అయిదారేళ్ళ కిందటి మాట. చిన్నతనం చేష్ట అనుకునేరు, అప్పటికే నాకు అరవై దాటాయి. మా తమ్ముని బిడ్డ సునీత జనగామలో వీడియో గేముల దుకాణం పెట్టింది. ఆమె ఆడబిడ్డ స్వరూప భూపాలపల్లిలో అలాంటి దుకాణమే పెట్టింది. ఎవరిని చూసి ఎవరు పెట్టారన్న తగవు మీద ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. వినీ వినీ విసిగిపోయిన సునీత మామగారు, అంటే స్వరూప తండ్రి, ఒక తీర్పు చెప్పాడు. త్వరలో రెండు పెద్ద ఆటలు ఒకే రోజు విడుదలవుతున్నాయట. ఆ అమ్మకంలో ఎవరి దుకాణం వెనకబడితే వాళ్ళు మూసేయాలి. ఒక ఇంటికి ఒకటే దుకాణం.

సునీతకు ఆ దుకాణమంటే ప్రాణం. "ఆడపిల్లకు ఈ ఆటలేం ఎరుక" అన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆటలో ఓడించి, నోళ్ళు మూయించి నిలబెట్టుకున్న దుకాణం. అంత తెలివైన పిల్ల, పోయి పోయి నన్ను సలహా అడిగింది. బ్రహ్మదేవుడు ఆ రోజు సెలవు మీద ఉన్నట్టున్నాడు.

"పెద్దబాపూ, గీ ఆటలు ఆడాలంటే టీవీకి ఒక డబ్బా తగిలియ్యాలె. డబ్బాలు రెండు కంపెనీలయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. కత్తి ఆట నల్లదాంట్లనే నడుస్తది. తుపాకీ ఆట తెల్లదాంట్లనే నడుస్తది."

"ఎందుకు? మా బర్రె తాగే తొట్టిల ఆవు తాగుతలేదా?"

"తాగది పెద్దబాపూ. గా రెండు కంపెనీలకు పడది."

"నీకూ మీ వదినెకూ పడనట్టా?"

సునీత ముఖం పాత చింతపండులా నల్లబడింది. ఆ మాట విననట్టే అసలు సంగతికి వచ్చింది. "రెండు ఆటలు నింపే తాకత్ నాకు లేదు. సరుకిచ్చే హైదరాబాద్ సేటు ఏదన్న ఒకటే చెప్పుమంటున్నడు. ఒక్కసారి తీస్కుంటే వాపస్ లేదట. ఏది పోతదో నువ్వే చెప్పాలె. చెట్టును చూసి చెప్తవు గద, గట్లనే."

"చెట్టుకు కొమ్మలుంటయ్ బిడ్డా. దీనికేముంటయ్?"

"కొనే పోరగాండ్లుంటరు. వాళ్ళను చూసి చెప్పు."

"నాకు తెలియదు" అంటే సరిపోయేది. కానీ యాభై దాటాక నేర్చుకున్న అక్షరాల్లో ఆ రెండు మాటలు రాయడం నాకెవరూ నేర్పలేదు.

దుకాణం ముందు గోడకు రెండు బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒకదాంట్లో గుర్రం మీద కత్తి దూసిన వీరుడు, ఇంకోదాంట్లో ఇనుప టోపీ పెట్టిన తుపాకీ సిపాయి. నేను చేతులు వెనక్కి కట్టుకొని ఆ గోడ చుట్టూ తిరిగాను. గోడ చుట్టూ ఎట్లా తిరుగుతావయ్యా అంటారేమో, పక్కనున్న మంగలి షాపులో దూరి వెనక నుంచి వచ్చాను. అంతలో కాలేజీ పిల్లల గుంపు ఒకటి వచ్చి బొమ్మల ముందు నిలబడింది.

"అరే, గా తుపాకీ ఆట చూసినవారా? సిపాయి ఉరుకుతుంటే సూడిబర్రె నడిచినట్టున్నది!"

"థూ! గదొక ఆటనా? ఊకె ఇచ్చినా ముట్ట."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊకె ఇచ్చినా ముట్టడట! సరిగ్గా చెట్టు కింద బేరగాడు అనే మాట. ఒక పిల్లవాణ్ణి పక్కకు పిలిచాను.

"మరి కత్తి ఆట ఎట్లుంటదిరా?"

"బంగారం తాతా! గసోంటి ఆట ఇంకోటి పుట్టది."

పొగిడాడు. అంటే కొనడు. కత్తి పట్టిన ఆ వీరుణ్ణి చూసి నాకు జాలేసింది. ఎంత అందమైన గుర్రమో, పాపం, దిక్కులేకుండా పోతుంది కదా అనుకున్నాను.

అక్కడితో ఆగితే మనిషినయ్యేవాణ్ణి. నా కాలు ఒకచోట నిలవదు. మర్నాడే రైలెక్కి మహబూబాబాద్ పోయాను. స్టేషన్ ఎదురుగా ఒక ఆటల దుకాణం ముందు కూర్చొని చెవి పారేశాను. అక్కడి పిల్లలు జనగామ వాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువ చదివారు. ఒకడైతే తుపాకీ ఆటనూ, దాన్ని తయారుచేసినవాణ్ణీ, వాడి మేనమామనూ కలిపి తిట్టాడు. నేను పట్టలేని సంతోషంతో వాడికి చాయ్ ఇప్పించాను.

"ఇంకా తిట్టు బిడ్డా."

"ఎందుకు తాతా?"

"తిట్టు. పానం మంచిగైతున్నది."

వాడు చాయ్ గ్లాసు అక్కడే పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, మెల్లగా జారుకున్నాడు.

జనగామకు తిరిగి వచ్చి సునీతకు తీర్పు చెప్పాను. "తుపాకీ ఆట. కండ్లు మూసుకొని తెప్పించు."

ఆమె నసిగింది. "గట్లనా? మనూళ్ళె పోరగాండ్ల ఇండ్లల్ల నల్లడబ్బాలే ఉన్నయనుకుంటున్న పెద్దబాపూ."

"డబ్బా ఎట్లయినా వస్తది బిడ్డా. మనసు వడ్డ ఆట కోసం మనిషి డబ్బా గుడ కొంటడు."

డబ్బా లేదు గిబ్బా లేదు, సిపాయి పేరు సోమలింగం! అప్పుడు ఈ సామెత నాకెవరూ గుర్తు చేయలేదు. సునీత సేటుకు ఫోన్ చేసి దుకాణం నిండా తుపాకీ ఆటే చెప్పేసింది.

ఇంతవరకు ఒక్క దుకాణమే మునిగింది. రెండోది ఎట్లా ముంచానో చెప్పకపోతే కథకు అన్యాయం. ఇంట ముంచి రచ్చ ముంచమన్నారు పెద్దలు. భూపాలపల్లిలో గాలి ఎట్లా వీస్తుందో చూడందే నాకు ముద్ద దిగలేదు. బస్సెక్కాను. స్వరూప దుకాణం ముందు పిల్లలున్నారు, తిట్లూ ఉన్నాయి. కానీ ఇక్కడ తిట్లు తిరగబడ్డాయి. "గా కత్తి ఆటల గుర్రం కంటె మా తాత సైకిల్ నయం" అని ఒకడంటే మిగతావాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. ఊరికో రుచి కాబోలు అనుకున్నాను. ఎందుకు అని మాత్రం అడగలేదు. అడిగితే నేను నేనెట్లా అవుతాను?

స్వరూప నన్ను గుర్తుపట్టింది. "మామా! గింత దూరమొచ్చినవ్, ఏంది కథ?"

"ఏం లేదు బిడ్డా, గాలి మార్పుకు."

"బొగ్గు గనుల గాలికా?" అని నవ్వి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, గొంతు తగ్గించింది. "నీ అంచనా తప్పదంటరు గద మామా. ఈడ ఏది పోతదో నాకొక మాట చెప్పు. సునీతకు మాత్రం చెప్పకు. అమ్మకం తగ్గితే నా దుకాణం బందయితది."

చెప్పకూడదు. సునీతకు అడ్డొస్తుంది. అంతమాత్రం తెలివి నాకూ ఉంది. కానీ నీ అంచనా తప్పదు అన్న మాట చెవిన పడ్డాక, ఆ తెలివి బస్సెక్కి వెళ్ళిపోయింది.

"ఈడ కత్తి ఆటను తిడుతున్నరు. కత్తి ఆటనే తెప్పించు."

"తిట్టినోడు కొంటడా మామా?"

"నువ్వు చింతచెట్టు కింద ఎన్నడన్న నిలబడ్డవా?"

"లేదు."

"మరి!"

ఆమె అక్కడే సేటుకు ఫోన్ చేసి కత్తి ఆట చెప్పేసింది. అట్లా జనగామకు తుపాకులు, భూపాలపల్లికి కత్తులు పంచి, మహాభారతానికి రెండు వైపులా ఆయుధాలిచ్చినవాడిలా ఇంటికొచ్చాను.

విడుదల రోజు దాకా నేను పడిన యాతన ఏమని చెప్పను! కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. రోజూ జనగామ పోయి దుకాణం గడప తొక్కి, "ఏమన్న అడిగిన్రా? ఎవరన్న వచ్చిన్రా?" అని సునీత ప్రాణం తీసేవాణ్ణి. "ఇంకా ఆటనే రాలే పెద్దబాపూ, ఎవరొస్తరు?" అని ఆమె నన్ను చాయ్ హోటల్‌కు తోలేది. అక్కడ తాగి, మళ్ళీ వచ్చి, మళ్ళీ అదే అడిగేవాణ్ణి.

ఆ రోజు రానే వచ్చింది. షట్టర్ ఎత్తక ముందే బయట పిల్లలు గుంపుగా నిలబడ్డారు. నేను సునీత వైపు చూసి మీసం దువ్వాను. మొదటివాడు లోపలికి వచ్చాడు.

"అక్కా, కత్తి ఆట ఇయ్యి."

"తుపాకీ ఆట ఉన్నది తమ్మీ."

"థూ!"

రెండోవాడూ అంతే. మూడోవాడు ఉమ్మే ఓపిక కూడా లేక తల తిప్పుకొని పోయాడు. నేను బయటికి ఉరికి, ఆనాడు గోడ దగ్గర తిట్టినవాణ్ణి చెయ్యి పట్టి ఆపాను.

"ఏమిరా, ఆ రోజు తుపాకీ ఆటను గంతగనం తిడితివి. ఇయ్యాల కొనవా?"

"తిట్టినోడు కొంటడా తాతా? మా అందరి ఇండ్లల్ల ఉన్నయి నల్లడబ్బాలు. పక్కోని డబ్బాల ఆటను తిట్టకపోతే మన డబ్బాకు ఇజ్జత్ ఏముంటది?"

అప్పుడు వెలిగింది. ఇది బేరం తిట్టు కాదు, పక్క ఊరి ఎద్దును తిట్టే తిట్టు. మా నీళ్ళు తీపి, మీ నీళ్ళు ఉప్పు అనే తిట్టు. అరవై ఏళ్ళు ఊళ్ళో బతికి, ఈ రెండు తిట్లకూ తేడా పట్టలేకపోయాను. లోపల సునీత ఏడవడం లేదు, నన్ను తిట్టడమూ లేదు. స్టూలు మీద కూర్చొని విప్పని పెట్టెల వైపు చూస్తోంది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

అంతలో నా ఫోన్ మోగింది. స్వరూప. ఎత్తీ ఎత్తగానే దుకాణమంతా వినపడేట్టు అరిచింది. "మామా! ఈడ అందరికీ తెల్లడబ్బాలేనట! ఒక్కడన్న కత్తి ఆటను ముడుతలేడు. ఏం చెట్టు కింద నిలబడి చెప్పినవ్ నువ్వు?"

సునీత మెల్లగా లేచింది. "పెద్దబాపూ, మా వదినెకు గుడ చెప్పినవా?"

"నువ్వు అడుగుతవనుకోలే బిడ్డా..."

ఆమె ఫోన్ లాక్కుంది. ఏడాది తర్వాత వదినా మరదళ్ళ మొదటి మాట ఇదీ:

"వదినే, నీకు గుడ గీయనే చెప్పిండా?"

"నీకు గుడనా?"

తర్వాత చాలాసేపు ఇద్దరూ కలిసి నా గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఇక్కడ రాయను. అక్షరాలు వచ్చినంత మాత్రాన అన్నీ రాయాలని లేదు. ఒకామె ఆపిన చోట ఇంకొకామె అందుకుంది. చివరికి సునీత అంది: "నీ దగ్గర కత్తులున్నయ్, నా దగ్గర తుపాకులున్నయ్. మార్చుకుందామా వదినే?"

"మార్చుకుందాం. మోసుడు మాత్రం ఆయన్నే మొయ్యమను."

మోశాను. రెండు పెద్ద సంచులతో హనుమకొండ బస్టాండులో దిగి, స్వరూప బస్సులో పంపిన సంచులు దింపుకొని, ఇవి అందులో ఎక్కించి, చెమటలు కక్కుకుంటూ తిరిగి వచ్చాను. సాయంత్రానికల్లా జనగామలో కత్తులు, భూపాలపల్లిలో తుపాకులు వేడి వేడి మిర్చిబజ్జీల్లా పోయాయి. రెండు దుకాణాల్లో ఏది వెనకబడిందో తేల్చలేక సునీత మామగారు నోరు మూసుకున్నాడు. రెండూ నిలిచాయి. ఇక ఏ ఆట గురించీ పెదవి విప్పనని నేను బస్టాండులోనే చెవులు పట్టుకున్నాను.

కొన్నాళ్ళకు సునీత ఫోన్ చేసింది. "పెద్దబాపూ, మళ్ళ రెండు ఆటలొస్తున్నయ్. రెండు డబ్బాల్లనూ నడుస్తయట. ఏది పోతది?"

"చెప్ప బిడ్డా. ఒట్టేసిన."

"చెప్పాలె. వదినె గుడ లైన్ల ఉన్నది."

స్వరూప గొంతు వినపడింది. "నువ్వు చెప్పందే మేం సేటుకు ఫోన్ చెయ్యం మామా."

నా ఛాతీ గజం వెడల్పయింది. చూశారా, విద్య ఎక్కడికి పోతుంది! బొమ్మలు చూసి, పిల్లల మాటలు విని, రెండు రోజులు తిరిగి చెప్పాను. "కార్ల ఆట. దానికి తిరుగులేదు."

"మంచిది" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "గట్లయితే రెండోది తెప్పిస్తం."

రెండోదే పోయింది. ఆ తర్వాతా అంతే, ఆ తర్వాతా అంతే. ఇప్పటికీ నా మాట వినందే వాళ్ళు సేటుకు ఫోన్ చేయరు. ఒకసారి పని సులువవుతుందని కావాలని తప్పు చెప్పబోతే సునీత పట్టేసింది. "నువ్వు మనసు పెట్టి చెప్తలేవు పెద్దబాపూ. సక్కగ ఆలోచించి చెప్పు, అప్పుడే తప్పయితది" అని గద్దించింది.

అప్పటి నుంచి నాకు మళ్ళీ కాలు నిలవడం లేదు. ఖర్మ కాలి ఒక్కసారి నా అంచనా సరిపోయిందో, రెండు దుకాణాలూ ఒకే దెబ్బకు పోతాయి. అందుకే పాఠకుల సాక్షిగా, ఒళ్ళు దగ్గర పెట్టుకొని ప్రతిజ్ఞ చేస్తున్నాను: బొందిలో ప్రాణముండగా, ఎవరెంత బతిమాలినా, ఏ ఆట విషయంలోనూ నేను పొరపాటున కూడా నిజం చెప్పను.