ప్రసంగపీఠం వైపు తెరుచుకునే తలుపులు

మా బిడ్డ షైనీ నోట్లో గొట్టంతో, మత్తులో, మిషను ఇచ్చే ఊపిరితో పడివున్న రోజులతో నా సాక్ష్యం మొదలుపెడతాను, సహోదరులారా! తను ఇక్కడ, ఈ పరాయి దేశంలో, ట్రాలీ అనే ఊళ్లో నర్సు. మెదక్ వైపు సంఘపెద్దగా ఉండి రిటైరైన నేనూ నా భార్య కరుణమ్మా తనను చూసిపోదామని వచ్చాం, ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి, వార్డులో ఎందరికో సేవ చేసిన బిడ్డకే ఆ జబ్బు అంటుకుంది. చూడ్డానికి మమ్మల్ని లోపలికి రానివ్వరు. మేము కూడా విడిగా ఉండాలి కాబట్టి, షైనీ వెళ్లే మెథడిస్టు సంఘంవాళ్లు సముద్రం పక్కనున్న తమ పాత క్యాంప్ మీటింగ్ మైదానంలో ఒక చెక్క కాటేజీ మాకిచ్చారు.

మైదానం చూసుకునే మైఖేల్ గారు కిటికీకి అవతల దూరంగా నిలబడి ఆ చోటి చరిత్ర చెప్పారు. మా మెదక్ వైపు జాతరకు పొలాల్లో డేరాలు వేసినట్టే, వాళ్ల ముత్తాతల కాలంలో కుటుంబాలు ఇక్కడ గుడారాలు వేసుకుని వాక్యం వినేవట. ఈ దేశపు వాన ఊరుకుంటుందా! అందుకని గుడారం ఉన్నచోటే ఎవరి కాటేజీ వాళ్లు కట్టుకున్నారు, కానీ ప్రతి తలుపూ మధ్యలోని ప్రసంగపీఠం వైపే తెరుచుకోవాలని నియమం పెట్టుకున్నారు, మంచం పట్టినవాళ్లకు కూడా వాక్యం వినబడాలని! సముద్రం వైపు తలుపు ఎవరూ పెట్టలేదా అని అడిగితే, "మా తాత పెట్టాడు, మా నాయనమ్మ మూయించింది" అని ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. కరుణమ్మ ప్రార్థన మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. చిన్నప్పటినుంచీ డైరీ రాసే నేను ఆ రోజుల్లో అందులో వాతావరణం తప్ప ఏమీ రాయలేకపోయాను. ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, షైనీ పరిస్థితి విషమించింది, దేనికైనా సిద్ధంగా ఉండమన్నారు.

మైఖేల్ గారికి చెప్పాను. కాసేపటికి మైదానంలో గంట మోగింది. గుంపుగా కూడే వీల్లేదు గనుక, చుట్టూ కాటేజీల్లో ఉన్నవాళ్లంతా ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి, పీఠం వైపు తిరిగి, మా షైనీ పేరెత్తి ప్రార్థిస్తున్నారు! కిటికీలోంచి చూసి నేను అలవాటుగా పెన్ను తీశాను. వెనక నుంచి కరుణమ్మ గొంతు:

"డైరీ తర్వాత రాస్కోండ్రి గానీ, ముందుగాల తలుపు తియ్యుండ్రి!"

తీశాను. ఆమె గడప దగ్గర మోకరించి, "ప్రభువా, నా బిడ్డను నాకియ్యి! ఊపిరి పోసినోడివి నువ్వు గాదా!" అని ఏడ్చింది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు, సహోదరులారా, ప్రతి గుమ్మంలోంచి ఆమెన్ అన్నారు!

తెల్లారి ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోన్ మోగింది. ఊపిరి కాస్త నిలకడగా ఉందన్నారు! ఆ వారంలోనే గొట్టం తీసేశారు, హల్లెలూయా! డాక్టర్ల చేతులను వాడుకున్న దేవునికే మహిమ! బిడ్డ ఫోన్‌లో మొదట అడిగింది, "నాన్నా, బీపీ గోలీ ఏసుకున్నవా?" అని.

షైనీ మా కాటేజీకి వచ్చిన ఆదివారం తనకు నాలుగడుగులు వేసే బలం లేదు. తన మంచం గుమ్మానికి ఎదురుగా జరిపాం. దుప్పటి కప్పుకుని, పడుకునే ఉండి వాక్యం మొత్తం వింది.

మీలోనూ గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు ఉంటారు. లేవలేకపోయినా ఫరవాలేదు, ఎలా ప్రార్థించాలో తెలియకపోయినా ఫరవాలేదు, ఆయన్ని నమ్మండి. ముందుగాల తలుపు తియ్యండి.