పిచ్చి కాదని చెప్పడానికి వచ్చిన డాక్టరు

మా మేనత్త భూమవ్వ ఎవర్నీ ఊరికే నమ్మదు. బీడీల సేటు తంబాకు ఇస్తే పిడికిట పట్టి వాసన చూసి గానీ తీసుకునేది కాదు. అలాంటి మనిషి పొద్దుగూకగానే నిజామాబాద్‌లో మా వాడకట్టు కల్లు దుకాణానికి పోయి కళ్లు మూసుకుని సీసా ఎత్తేది. అందులో మత్తుమందు కలుపుతారని చెబితే మమ్మల్నే అనుమానించేది.

తొంభైల్లో ఒక ఎండాకాలం సర్కారు దాడులు చేసి దుకాణాలు మూయించింది. రెండ్రోజులకే అత్త చేతులు వణికాయి. బీడీ ఆకుల మీద చీమలు పాకుతున్నాయని చాట విసిరికొట్టింది. చచ్చిపోయిన మామతో తగువు పెట్టుకుంది. మా బాపు రాజలింగు తన అక్క చేతులు కట్టి దవాఖానకు తెచ్చాడు.

అక్కడి డాక్టరు దూరపు జిల్లా ఆయన. ఆమె ముఖమైనా చూడలేదు.

"మీ వైపు జనమంతా పుట్టు తాగుబోతులు. ఇది పిచ్చి. రేపు పట్నం పిచ్చాసుపత్రికి తీసుకుపొండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తోడొచ్చిన పక్కింటి హన్మవ్వ ఆ మాట విన్నది, ఇంక చెప్పేదేముంది! పిచ్చిదని పేరు పడ్డాక ఆడవాళ్లంతా కలిసి బీడీలు చుట్టే అరుగు మీద అత్త పక్కన ఎవరు కూర్చుంటారు?

పొద్దున డ్యూటీకి మా పక్క ఊరు ఎడపల్లి డాక్టరు దేవిదాస్ వచ్చాడు. ఆయనిచ్చిన గోలీని అత్త నాలుకకు తాకించి ఉమ్మేసింది.

"గిండ్ల ఏం కలిపినవ్?"

"అవ్వా, కల్లుల కలిపింది గిసొంటి మందే. వాడు చెప్పకుంట పోసిండు, నేను చెప్పి ఇస్తున్న. ఒక్కపారి బందైతే ఎవలకైనా గిట్లనే అయితది. జర జర తగ్గిస్త."

అత్త మూతి తుడుచుకుంది. "అంటే నాకు పిచ్చి కాదా?"

"కాదవ్వా."

"గా మాట మా అరుగు కాడికొచ్చి చెప్తవా సారూ?"

వస్తానన్నాడు. అత్త గోలీ మింగింది. డాక్టర్లు రోగుల ఇళ్లకొచ్చి సాక్ష్యం చెబుతారా? నేను నమ్మలేదు.

అత్త ఇంటికొచ్చిన వారానికి ఆయన నిజంగానే స్కూటర్ మీద వచ్చాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఈమెకు పిచ్చి లేదని అందరికీ వినబడేలా చెప్పాడు. అందరూ తలలూపారు.

స్కూటర్ మూల తిరగగానే హన్మవ్వ గొంతు తగ్గించింది. "డాక్టరే ఇల్లు ఎతుక్కుంట వచ్చిండంటే ఎంత ముదిరిందో సూడుండ్రి!"

అత్త ఆ మాట విన్నది. తెల్లారి నుంచి ఇంట్లోనే, తలుపు దగ్గరికేసుకుని, ఒక్కతే బీడీలు చుట్టింది.