వెనక్కి వేసిన దారం

మోటార్లన్న పోయాడన్న కబురు ఆదివారం పదింటికి వచ్చింది. అప్పటికి నేను తాపీగా రెండో టీ తాగుతున్నాను. నిజానికి ఆరింటికే కుంట గట్టు మీద ఆయన పక్కన ఉండాల్సినదాన్ని. వస్తానని మాటిచ్చాను. అలారం మోగితే ఆపేసి, అటు తిరిగి పడుకున్నాను. కారణం అంతే. ఇంకేం చెప్పినా అబద్ధమవుతుంది.

కొత్తకోటలో మా పక్కిల్లే ఆయనది. ముందుగదిలో షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. కుడిచేతి రెండు వేళ్లకు ఎప్పుడూ ఎర్ర వార్నిష్ అంటుకుని ఉండేది. మనిషి కంటే ముందు ఆ వాసన వచ్చేది. చేపలు పట్టడంలో ఆయన దారి వేరు. వానపాము, పిండిముద్ద ఏమీ వాడడు. గాలానికి కోడి ఈక పెట్టి, మిగిలిపోయిన రాగితీగతో బిగించి, పైన చుక్క వార్నిష్ వేసి ఒక పూట ఆరబెడితే, అచ్చం నీళ్ల మీద వాలిన పురుగే. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని, దానికి ఈకపురుగు అని తనే పేరు పెట్టాడు.

ఈకకు బరువుండదు కదా, అందుకని దారానికి మైనం పట్టించి బరువు తెచ్చేవాడు. వెదురుకర్రతో ఆ దారాన్ని వెనక్కి విసిరి, అది గాలిలో పూర్తిగా సాగాక ముందుకు వేయాలి. వినడానికి సులువే. ఆయన నాలుగు నెలలు నేర్పినా నాకు చేతకాలేదు. గడ్డికో, నా జడకో చుట్టుకునేది.

"బడిల పిల్లలు నోరు తెరువకముందే జవాబు నువ్వే చెప్తవ్ గద టీచరమ్మా, గిదీ గంతే. దారం ఎనుకకు పోనే లేదు, ముందరికి గుంజవడ్తివి," అన్నాడు ఒకరోజు.

నాకు ఒళ్లు మండింది. మాట నిజమైనందుకే మండింది. ఆ వారం నుంచి బడిలో ప్రశ్న అడిగాక కాసేపు ఆగడం మొదలుపెట్టాను. ఏడాదిగా నోరు విప్పని చివరి బెంచీ పిల్ల జవాబు చెప్పింది. ఆ సంగతి చెబితే అన్న చేప పడ్డంత సంబరపడ్డాడు.

"సాగిందని ఎట్లా తెలుస్తుందన్నా? తిరిగి చూడనా?" అని అడిగాను ఒకసారి.

"ఎనుకకు సూడకు. సూస్తే చెయ్యి వంకరవోతది. ఎనుక ఎవరో పట్టుకున్నట్టు జర బరువు తెలుస్తది. గప్పుడు ఎయ్యి."

ఆ బరువు తెలియజెప్పడానికి ఈకపురుగు విప్పేసి, నా వెనక దూరంగా నిలబడి, దారం కొసను నిజంగానే రెండు వేళ్లతో పట్టుకునేవాడు. ఒక్క క్షణం ఆపి వదిలేవాడు. నా మెడ మీద వెంట్రుకలు లేచేవి. అడుగుల చప్పుడుండదు, మనిషి కనబడడు, గాలే నా చేతిని ఆపినట్టుండేది. ఆయన పట్టుకున్నప్పుడు మాత్రం దారం చక్కగా పడేది.

చివరి గురువారం బడి దగ్గర దొరికిన పాలపిట్ట ఈక తెచ్చి ఇచ్చాను. వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"దీనికి కొర్రమీను ఒస్తది. ఆదివారానికి కట్టి తెస్త. నువ్వు మాత్రం రా."

గట్టు మీద ప్రాణం పోయి ఉన్న ఆయన్ని మొదట చూసింది మేకల కాపరి. దహనం అయ్యాక నా దగ్గరికి వచ్చి చెప్పాడు.

"కూసున్నోడు కూసున్నట్టే ఉండె టీచరమ్మా. పొద్దుగాల నేను పోంగ మంచిగనే ఉండె. ఊకె ఎనుకకు తిరిగి బాట దిక్కు సూస్తుండె. ఎవరికోసమే అంటే, మా టీచరమ్మ ఒస్తనన్నది అన్నడు."

వెనక్కి చూడొద్దని నేర్పిన మనిషి. నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

పదకొండో రోజు దాటాక వదిన పిలిచి, ఆయన కర్ర, ఒక రేకు డబ్బా నా చేతిలో పెట్టింది. "మీ అన్న శనివారమే కట్టిండు. ఎవ్వర్నీ ముట్టనియ్యలే. టీచరమ్మది అన్నడు." లోపల నీలి ఈకపురుగు. వార్నిష్ గట్టిగా ఆరిపోయి ఉంది.

ఆ ఆదివారం ఆరింటికల్లా గట్టు మీద ఉన్నాను. ఎప్పుడూ వినబడే హైవే లారీల చప్పుడు ఆ పూట వినబడలేదు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక దున్నిన చేను తప్ప చెట్టూ పుట్టా లేవు, మేకలు కూడా లేవు. నీలి ఈకపురుగు కట్టి, దారం వెనక్కి విసిరాను.

బరువు తెలిసింది. అది క్షణంలో పోవాలి. పోలేదు. లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. మెడ దానంతటదే తిరగబోయింది. బిగబట్టుకున్నాను.

"ఆ రోజు నేను రావాల్సిందన్నా," అన్నాను నీళ్లవైపే చూస్తూ.

దారం వదులైంది. ముందుకు వేశాను. నీలి ఈక ఎన్నడూ లేనంత మెత్తగా నీళ్ల మీద వాలింది. చేప రాలేదు. దాని ధ్యాసే నాకు లేదు.

ఎండెక్కాక దారం చుట్టుకుంటుంటే, కొస దగ్గర వేళ్లకు జిగటగా ఏదో తగిలింది. పక్కపక్కనే రెండు ఎర్రటి మరకలు. వార్నిష్ ఇంకా ఆరలేదు.