రాయి కింద సముద్రం

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నాకది చేతకాదు. దాచేపల్లి పక్క ఊళ్లో హైస్కూలు సైన్సు టీచర్ని. మా దగ్గర ఎక్కడ తవ్వినా సున్నపురాయే. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట అది సముద్రం అడుగున పేరుకుందని పుస్తకంలో ఒక్క ముక్క ఉంది. అంతే చెప్పి ఊరుకుంటే పోయేది. ఆ సముద్రం ఎక్కడికీ పోలేదర్రా, రాయి కింద సొరంగాల్లో ఇప్పటికీ తిరుగుతా ఉంది అన్నా. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నాకు చానా గర్వమేసింది.

మర్నాడు మూడో బెంచీ పిల్ల నోట్సు చివర రెండు పేజీల కథ రాసుకొచ్చింది. ఆ సముద్రంలో చేపలకి కళ్లుండవంట, ఒకదాని పాట విని ఇంకొకటి దారి తెలుసుకుంటదంట. చదివి దాన్ని దగ్గరికి తీసుకున్నా.

ఆ ఏడు కాపు మీదున్న ఆ పిల్ల వాళ్ల మిరపతోటకి నీళ్లు చాల్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే పెద్దాయన, ఈ చేలో నీళ్లు పడవు, బోరెయ్యబాకండి అన్నాడంట. కొబ్బరికాయని నమ్మొద్దని క్లాసులో ఎగతాళి చేసిందీ నేనే. పిల్ల ఇంట్లో నా సముద్రం గురించి చెప్పింది. సైన్సు టీచరు చెప్పాక ఇంకేంది అని వాళ్ల నాన్న బోరు బండిని పిలిపించాడు.

రెండో రోజు ఆయన బడికొచ్చాడు. జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి.

"టీచరమ్మా, దుమ్ము తప్ప ఏం రాలా. బండిని ఆపి వచ్చా. సముద్రం ఇంకెంత లోతున ఉంటది?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అది కథన్నా. పిల్లల కోసం నేనే కల్పించా. బండిని పంపించెయ్."

"అట్టనా," అన్నాడు. తిడతాడేమోనని చూశా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ట్యాంకరు నీళ్లకని దాచిన డబ్బంతా బోరుకి పోయి తోట సగానికి పైగా ఎండిపోయింది, నా నోటి దూల వల్ల.

పిల్ల వారం తర్వాత బడికొచ్చింది. ఒకప్పుడు సముద్రం ఉన్నమాట నిజమేనని, ఇప్పటికీ ఉందన్నదే నా కల్పనని, తప్పు నాదేనని చెప్పా. తలూపింది.

ఆ రోజు పాఠం నక్షత్రాలు. మనం చూసే వెలుగు అక్కడ బయల్దేరి ఎన్నో ఏళ్లయిందని చెప్పా. సొంతంగా ఒక్క మాట కలపలేదు. అందరూ రాసుకుంటున్నారు, ఆ పిల్ల తప్ప.

"ఏమ్మా, రాసుకోవా?"

లేచి నిలబడి, మర్యాదగానే అంది. "నిజమేనని తెలిశాక రాసుకుంటా టీచర్."