క్లెయిము బెంచీ మీద దేముడమ్మ

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ కాంతం చెప్పాలి గానీ, ఆవిడ మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపదు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. కాకినాడ పక్క పల్లెటూరి వాణ్ణి, పేరు భీమశంకరరావు. ఉద్యోగం పేరు చెప్పి విశాఖపట్నం వచ్చి, ఇన్సూరెన్సు ఆఫీసులో మోటారు బళ్ళ సెక్షన్లో ఇరవై ఏళ్ళు కుర్చీ అరగదీశాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే ముసలాడు గొప్పలు పోతున్నాడంటారు.

ఆ రోజుల్లో బండికి ఇన్సూరెన్సు చేసేవి నాలుగంటే నాలుగే కంపెనీలు, నాలుగూ సర్కారువే. రేటు ఒకటే, షరతులు ఒకటే, కాగితం కూడా ఇంచుమించు ఒకటే. మరి జనం ఎలా ఎంచుకునేవారంటారా? ఏజెంటు బావమరిదైతే ఆ కంపెనీ. ఆఫీసుకి మెట్లు తక్కువైతే ఆ కంపెనీ. ఒకాయన మా క్యాలెండరు మీద లక్ష్మీదేవికి బదులు ఓడ బొమ్మ వేశారని అలిగి పక్క కంపెనీకి పోయాడు. నిజం, ఒట్టు! ఓడలున్న ఊళ్ళో ఓడ బొమ్మ వేస్తే తప్పట.

నిజంగా కూర్చుని, ఆలోచించి, చూసి ఎంచుకున్న మనిషిని నా సర్వీసులో ఒక్కర్నే చూశాను. మల్కాపురంలో టీ కొట్టు నడిపే దేముడమ్మ. సంతకం బదులు వేలిముద్ర వేసే మనిషి.

ఎనభై ఒకటో సంవత్సరం, దసరా వెళ్ళిన వారం. మా ఆఫీసులో కొత్త పాలసీలు ముందు గదిలో, ఫ్యాను కింద రాసేవాళ్ళు. క్లెయిములు మాత్రం వెనక గదిలో, బీరువాల మధ్య. అక్కడ నా బల్ల, బల్లకెదురుగా ఒక చెక్క బెంచీ. ఆ బెంచీ మీద పొద్దున్నే వచ్చి కూర్చుందావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, ఒళ్ళో స్టీలు క్యారేజీ. చేతిలో కాగితం ముక్క లేదు. ఎవరికో తోడొచ్చిందనుకున్నాను. ఒంటిగంటకి క్యారేజీ విప్పి అన్నం తిని, చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. నాకు తిక్క రేగింది.

"ఏమ్మా, నీ కేసేమిటి?"

"నాకు కేసేటీ నేదు బాబూ."

"మరి పొద్దుట్నుంచీ ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"సూత్తన్నాను."

"ఏం చూస్తున్నావు? ఇదేమన్నా సినిమా హాలా?"

"మిమ్మల్నే సూత్తన్నాను బాబూ. అరవకండి. నానేటి ముట్టుకున్నానని?"

అటెండరు కిసుక్కున నవ్వాడు. వాడి వైపు ఒక్క చూపు చూసి, ఆవిణ్ణి అసలు సంగతి చెప్పమన్నాను. ఆవిడ మొగుడు అప్పలసూరి వెల్డరు. అప్పటి దాకా పోర్టు పక్కనే పని. ఇప్పుడు స్టీలు ప్లాంటు కడుతున్న చోట పెద్ద కాంట్రాక్టరు దగ్గర మంచి పని దొరికింది. షిఫ్టు వేళకి బస్సులు అందవు. అందుకని రాజ్‌దూత్ మోటార్ సైకిలు కొంటున్నాడు. ఆ మాట పొక్కగానే నాలుగు కంపెనీల ఏజెంట్లూ టీ కొట్టుకి వచ్చారు, టీ తాగారు, ఎవరి కంపెనీ గొప్ప వాళ్ళు చెప్పి వెళ్ళారు.

"అమ్మేటప్పుడు అందరూ మంచోళ్ళే బాబూ," అంది. "సేపలమ్మేకాడ నిలబడితే నాకేటి తెలుస్తాది? సేప పాడైపోనాదని ఎనక్కి తెచ్చినోడితో ఆ అమ్మేది ఎలాగ మాటాడతాదో సూసి కొంతాను నాను. అందుకే మీ నాలుగాపీసుల్లోనూ రోజుకో ఆపీసు, క్లెయిములకొచ్చినోళ్ళ పక్కన కూకుంతన్నాను. మీది మూడోది."

సరే, కూర్చోమన్నాను. నా చేత సరే అనిపించిన వాళ్ళు ఊళ్ళో పెద్దగా లేరు.

సరిగ్గా ఆ సమయానికే ఎలమంచిలి నుంచి ఒక షావుకారు వచ్చాడు. అతని బండి తీసుకెళ్ళి బావమరిది కల్వర్టుకి గుద్దాడు. బావమరిదికి లైసెన్సు లేదు. క్లెయిము ఎందుకు రాదని షావుకారు బల్ల గుద్దాడు. నాకున్న జబ్బేమిటంటే, పాలసీ ఇచ్చేటప్పుడే ముందు గదిలోకి వెళ్ళి, లైసెన్సు షరతు కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, పైకి చదివి వినిపించేవాణ్ణి. పెళ్ళి కబుర్ల మధ్యలో చావు కబురేమిటయ్యా, పార్టీలు పారిపోతున్నారని మా మేనేజరు నెత్తీ నోరూ బాదుకునేవాడు. అయినా నేను మానలేదు.

"ఈ గీత ఎవరు గీశారండీ? మీ తాతగారా?" అని అరిచాను. "ఆ రోజు రెండుసార్లు చదివానా లేదా?"

షావుకారు కాసేపు గింజుకుని, "చదివారు లెండి," అని తలదించుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు దేముడమ్మ బెంచీ మీంచి లేచి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"బాబూ, ఒక్కటే అడుగుతాను. మా బండి ఎవుర్నైనా గుద్దితే, ఆ గుద్దించుకున్నోడికి ఏటొత్తాది?"

కలం కింద పెట్టేశాను. బండి పోతే ఎంతొస్తుంది, ట్యాంకు సొట్టపడితే ఎంతొస్తుంది, ఇవే అందరూ అడిగేది. అవతలి వాడి గురించి అడిగిన మనిషి అప్పటి దాకా నాకు తగల్లేదు. ఎందుకమ్మా అన్నాను.

వాళ్ళ అయ్య పోలిరాజు పోర్టులో కలాసీ. డెబ్బై నాలుగులో సింధియా జంక్షన్ దగ్గర రోడ్డు దాటుతుంటే మోటార్ సైకిలు గుద్దింది. కాలు తీసేశారు. ఆ బండికి ఇన్సూరెన్సు ఉంది, కానీ నడిపిన కుర్రవాడికి లైసెన్సు లేదు. కంపెనీ మాకు సంబంధం లేదంది. కుర్రవాడి ఇంట్లో అమ్ముకోవడానికి కూడా ఏమీ లేదు. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి పోలిరాజుకి దక్కింది చంకలో కర్ర ఒక్కటే. ఏ కంపెనీ అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చట్టప్రకారం వాళ్ళన్నది తప్పని కూడా నేను అనలేను.

"బండి ఇంటికొచ్చిన్నాడు నాను ఈ ఇంట్లో ఉండనన్నాడు మా అయ్య," అంది. "మా ఆయనకి బండి నేకపోతే పని పోద్ది. నానేటి సెయ్యాల? మా బండి కింద ఎవుడైనా పడితే ఆడి ఇల్లు మా ఇల్లులాగ అయిపోకూడదు. అదొక్కటే నాకు కావాల."

 జాలి కనపడకుండా ఇంకాస్త గట్టిగా మాట్లాడాను. "లైసెన్సున్నవాడు నడిపి, పాలసీ బతికుంటే, గుద్దించుకున్నవాడికి కంపెనీ ఇచ్చి తీరుతుంది. లైసెన్సు లేనివాడు నడిపితే నా దగ్గరికొచ్చి ఏడ్చినా లాభం లేదు. నువ్వైనా సరే ఇంతే అరుస్తాను."

"మొన్న రెండాపీసుల్లోనూ అన్నీ వచ్చేత్తాయమ్మా అన్నారు బాబూ. రానిది రాదని మీరొక్కరే సెప్పారు."

నాలుగో ఆఫీసులో కూడా రోజంతా కూర్చుంది. మాట వరసకి కాదు, నిజంగానే కూర్చుంది. ఆ మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి మా దగ్గర పాలసీ రాయించింది. వేలిముద్ర అక్కర్లేదమ్మా, బండి మీ ఆయన పేరు మీదుంది అన్నా వినలేదు, ఎక్కడో ఒకచోట వేయించుకోండి అని పోరింది. పోనీ అని కవరు మీద వేయించాను.

బండి వచ్చిన రోజునే పోలిరాజు అన్నంత పనీ చేశాడు. చాప, చెంబు, కర్ర పట్టుకుని టీ కొట్టు వెనక తడికల గదిలోకి మారిపోయాడు. కూతురు పెట్టింది తినేవాడు గానీ అల్లుడితో మాట బంద్. అప్పలసూరి "మావా" అంటే ముసలాయన గోడకేసి చూసేవాడు.

దేముడమ్మ బండి తాళాలు చెంగుకి కట్టుకుంది. మల్కాపురంలో అందరూ అందరికీ బావలే. ఒకరి బండి ఊరందరి బండి. "బావా, తాళాలియ్యి, అలా ఎల్లొచ్చేత్తాను," అంటే కాదనడం పెద్ద తప్పు. ఈవిడ మాత్రం టీ గ్లాసు అందిస్తూనే, "లైసెన్సు సూపించు బావా," అనేది. "లైసెన్సమ్మొచ్చింది, దాక్కోండిరోయ్," అని వెక్కిరించారు. "ఓలమ్మ, పాసుపోర్టు కూడా సూపించమంటావేటి?" అన్నారు. అలిగి కొన్నాళ్ళు ఎదురు కొట్టులో టీ తాగారు. ఆ కొట్టు టీ నేనూ తాగాను, కుడితి నయం. నెల తిరక్కుండా అందరూ వెనక్కొచ్చారు.

మొగుడి లైసెన్సు నా చేత చదివించి, "ఇది ఎన్నాళ్ళుంటాది బాబూ?" అని అడిగింది. ఎనభై నాలుగు ఏప్రిలు దాకా అన్నాను. "నూకాలమ్మ పండక్కి ముందా, ఎనకా?" అంది. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకి అని చెప్పాను. ఆ మాట మనసులో ఎక్కడ రాసుకుందో గానీ, ఎనభై నాలుగులో పండగ వెళ్ళాక ఒక రోజు అప్పలసూరి మా ఆఫీసుకి ఊగిపోతూ వచ్చాడు.

"ఏటి బాబూ ఇది! మీరేటి సెప్పారో గానీ నా బండికి నాకే తాళాలియ్యట్నేదు. లైసెన్సు తిరగరాయించుకుంతేనే ఇత్తాదంట. సైటులో సెలవు దొరకట్నేదు, వచ్చే నెల సూసుకుంతానన్నాను. ఇంతే! పదకొండు రోజుల్నించి లేటైనా బస్సెక్కే ఎల్తన్నాను. బావలందరూ నవ్వుతన్నారు."

"బాగా చేసింది," అన్నాను. "ఇంకో పదకొండు రోజులు ఎక్కు."

తిట్టుకుంటూ వెళ్ళి మర్నాడే రెన్యూ చేయించుకున్నాడు.

జూలైలో వాన పడుతున్న ఉదయం, గాజువాక జంక్షన్ దాటాక, అప్పలసూరి బండి జారి ఒక రిక్షాని గుద్దింది. రిక్షా తొక్కే తాతబాబు తొడ ఎముక విరిగింది. "పారిపోరా, పోలీసులొచ్చేత్తారు," అన్నారు చుట్టూ చేరినవాళ్ళు. అప్పలసూరి పారిపోలేదు. లారీ ఆపి తాతబాబుని ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే దేముడమ్మ నా బల్ల ముందుకొచ్చింది. ఏడవలేదు.

"మా బండే గుద్దింది బాబూ. తప్పు మాదే. రాసుకోండి."

తప్పు మాదేనని క్లెయిము సెక్షన్లో ఎవరూ అనరు. నేను రాసుకున్నాను.

పోలిరాజుకి సంగతి తెలిసింది. కూతురి చేతి టీ కూడా మానేశాడు. "నా కాలు తీసినోడు కూడా తొలీ రోజు మంచి మాటలే సెప్పాడు," అన్నాడట. "ఆడికి పైసా రాదు, సూడు." దేముడమ్మ ఎదురు కొట్టు నుంచి తండ్రికి టీ పంపించేది, ఆ కుడితే తాగేవాడు.

కేసు రెండేళ్ళు నడిచింది. మా వకీలు ముందుగా వెతికింది లైసెన్సునే. తేదీ చూశాడు, తిరగేసి చూశాడు. ప్రమాదం నాటికి నిక్షేపంగా ఉంది. రెన్యూ కాకపోయి ఉంటే ఆ ఒక్క పాయింటు మీద అయిదేళ్ళు సాగదీసేవాడు. "ఇంక దేనికి సార్ లాగడం, రాజీకి రండి," అని మేనేజరు మీద అరిచాను. నా కోపం ఒక్కసారైనా మంచి పనికి పనికొచ్చింది. ఎనభై ఆరులో తాతబాబుకి సొమ్ము ముట్టింది. రిక్షా ఇంక తొక్కలేడు గనక గాజువాకలో కిళ్ళీ బడ్డీ పెట్టుకున్నాడు.

బడ్డీ తెరిచిన వారం, ఆదివారం పొద్దున్న నేనే మల్కాపురం వెళ్ళాను. పోలిరాజు కొట్టు బయట పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే బండి. అప్పలసూరి చక్రానికి గాలి చూసుకుంటున్నాడు.

"మీరేనా ఆ ఆపీసు బాబు?" అన్నాడు ముసలాయన. "ఆ రిచ్చావోడికి ముట్టిందా? నిజం సెప్పండి."

"ముట్టింది. నా చేతుల మీద పోయింది కాగితం."

"కాగితాలు నానూ సానా సూసాను."

"అయితే గాజువాకలో కిళ్ళీ బడ్డీ పెట్టాడు, నీ కళ్ళతో నువ్వే చూసి రా," అన్నాను, కాస్త గట్టిగానే.

పోలిరాజు తన కర్రని చూసుకున్నాడు, రోడ్డు వైపు చూశాడు, చివరికి బండి వైపు చూశాడు. 

"అల్లుడూ," అన్నాడు. అయిదేళ్ళలో ఆ నోటి వెంట అప్పలసూరికి వచ్చిన మొదటి మాట అది. "బండి తియ్యి. ఆడి బడ్డీ కాడికి ఎల్దాం."

దేముడమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. చెంగు ముడి విప్పబోయి, కళ్ళు తుడుచుకుని, మొగుడి ముందు చెయ్యి చాపింది.

"లైసెన్సు సూపించు మావా."

అప్పలసూరి కిక్కురుమనకుండా జేబులోంచి తీసిచ్చాడు. ఆవిడ దాన్ని నాకందించింది. నేను తేదీ పైకి చదివాను, ఇంకా బోలెడు గడువుందని చెప్పాను. అప్పుడు తాళాలిచ్చింది.

ముసలాయన్ని నేనూ దేముడమ్మా ఎత్తి వెనక సీటు మీద కూర్చోబెట్టాం. కర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక చేత్తో గాల్లో కాసేపు తడుముకుని, చివరికి అల్లుడి భుజం పట్టుకున్నాడు.

"నెమ్మదిగా పోనియ్యి," అన్నాడు. "రిచ్చావోళ్ళు ఉంతారు."