పాలు పిండేదెవరని మార్తమ్మ గారు అడగలేదు

మా ముత్తాత లింగారెడ్డి తుంగతుర్తి దగ్గరి మా ఊరికి మాలీపటేలు. శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. మా తాత నర్సింహారెడ్డి గుర్రం మీద సూర్యాపేట పోయి వచ్చేవాడు. దారిలో తగాదాలు గుర్రం దిగకుండానే తెంపేవాడని చెప్పుకుంటారు. మా నాన్న కాలానికి గుర్రం పోయింది, పటేలుగిరీ పోయింది, బావి కింది పొలాలు ఒక్కో చెక్కా పోయాయి. "పటేలా" అనే పిలుపు ఒక్కటే ఆయన పాడె దాకా వచ్చింది. వాళ్ళందరికీ మిగిలిన వారసురాలిని నేను. చెప్పుకోదగ్గ ఆస్తి రాలేదు కాని వంగని నడుం ఒకటి వచ్చింది. దాన్ని అలాగే ఉంచుకుని ఎదుటి మనిషి పక్కన ఎలా కూర్చోవాలో నాకు నేర్పింది మార్తమ్మ గారు.

నేనిప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. మిల్లులు నడిచే రోజుల్లో గాలి మా వైపు తిరిగితే కిటికీలోంచి పచ్చి తౌడు వాసన వస్తుంది. పక్కింటావిడ విసుక్కుంటూ తలుపులు వేసుకుంటుంది. నేను వేయను. ఆ వాసన వెంట మా పాత కొట్టం వస్తుంది. అందులో చీర కుచ్చిళ్ళు నడుంలో దోపుకుని, దూడ తాడు పట్టుకుని నిలబడ్డ మార్తమ్మ గారు వస్తారు.

ఆమె కోదాడ మనిషి. సూర్యాపేటలో కిరాయి ఇంట్లో నడిచే మా సర్వే ఆఫీసుకు అధికారి. దేశంలో ఎవరు ఏం సాగు చేస్తున్నారు, ఎవరింట్లో ఎన్ని పశువులున్నాయి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఏ పనులు చేస్తున్నారు అన్న సంగతులు రాసి పైకి పంపడం మా ఉద్యోగం. అన్ని ఊళ్ళకూ పోలేం కనుక కొన్ని ఊళ్ళు చీటీ తీసినట్టు పైనుంచే ఎంపికై వస్తాయి. ఆ ఊళ్ళలో కొన్ని ఇళ్ళు కూడా అలాగే తేలుతాయి. ఏ ఇల్లు తేలితే ఆ ఇంటికి పోవలసిందే. నాన్న పోయిన ఏడాది నేను అక్కడ చేరాను. మా వంశంలో జీతానికి చేరిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో అందరికంటే నిటారుగా నిలబడేదాన్ని.

మొదటి వారం త్రిపురారం పోయాం. కాలువ కింద నాట్లు సాగుతున్నాయి. ఒక ఇంటి ముందు నిలబడి ఆ ఇంటావిడను "నువ్వేం పని చేస్తవు?" అని అడిగాను.

"నేనేం జేస్త? ఇంట్ల ఖాళీగనే ఉంట" అంది.

ఇంటిపని అని రాసుకుని నేను కాగితం తిప్పబోతుంటే మార్తమ్మ గారు వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నారు. "ఇవాళ పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేశావో చెప్పమ్మా, ఊరికే" అన్నారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పెండ తీసింది. నారు పీకింది. తమ మడిలో నాటు వేసింది. వచ్చేటప్పుడు గట్టు మీద గడ్డి కోసుకొచ్చింది. మళ్ళీ పోయి మడికి నీళ్ళు కట్టాలి, మొగుడు ఎరువు బస్తాల కోసం మిర్యాలగూడ పోయాడు.

మార్తమ్మ గారు అంతా విని, "ఇంత ఖాళీ నాకొక్కనాడూ దొరకలేదమ్మా" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బస్సులో నాతో అన్నారు: "పని అంటే వాళ్ళ లెక్కలో కూలి. ఇంకొకరి దగ్గరికి పోయి చేసేది. తమ పొలంలో చేసుకునేది పనే కాదనుకుంటారు. అందుకని ఆ మాటే వాడకు."

"మరేమని అడగాలి మేడం?"

"ముందు కూర్చో. నువ్వు నిలబడితే శిస్తుకొచ్చిన దానిలా ఉన్నావు."

నా ముత్తాత సంగతి ఆమెకు తెలియదు. అయినా ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. దారంతా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఆమె పట్టించుకోలేదు. దిగేటప్పుడు నా చేతిలో రెండు జామకాయలు పెట్టారు.

రెండేళ్ళ తర్వాత ఎంపికైన ఊళ్ళలో మా ఊరు వచ్చింది. ఇళ్ళ పట్టీలో మా ఇల్లే తేలింది.

పట్టీని రెండుసార్లు చదివాను. నాన్న పోయాక మా అమ్మకు మిగిలినవి ఇల్లూ, రెండెకరాల మెట్ట చెలకా, రెండు బర్రెలూ. ఆ బర్రెలకు మేత వేసేదీ, పాలు పిండేదీ అమ్మే. పాలను వెనక దర్వాజ నుంచి ఎల్లమ్మ తీసుకుపోయేది. ఎల్లమ్మ మా వెనకింటి మనిషి. తన పేరు మీద పాలకేంద్రంలో పోసి, వచ్చిన డబ్బు తెచ్చి ఇచ్చేది. ఊళ్ళో ఎవరైనా అడిగితే పాలు ఇంటి వాడకానికే అని చెప్పేవాళ్ళం. రెండు బర్రెల పాలు తాగడానికి ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండేది. నేను వారానికోసారి పోయేదాన్ని. పటేలు పెండ్లాం పాలమ్ముకుంటుందన్న మాట వినపడితే అమ్మ ఇక గడప దాటదని నాకు తెలుసు. అప్పటికే తిండి సగానికి తగ్గించిన మనిషి. పటేలు పెండ్లాం అన్న పేరొక్కటైనా ఆమెకు మిగలాలని నా ఆశ.

"మేడం, మా ఇంటికి బదులు పక్కిల్లు తీసుకుందాం. తాళం ఉందని రాస్తే సరిపోతుంది" అన్నాను.

"తాళం ఉందా?"

"లేదు."

"మీ అమ్మగారు ఊళ్ళో లేరా?"

"ఉన్నరు."

ఆమె పట్టీని నా చేతిలోంచి తీసుకున్నారు. "మీ ఇల్లు నువ్వు రాయకూడదు, నేను రాస్తాను. నువ్వొచ్చి కూర్చో. మాట్లాడకు" అన్నారు.

మేం పోయేసరికి అమ్మ మంచి చీర కట్టుకుని నాన్న పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. భూమి గురించి అడిగితే పోయినదాన్ని కూడా కలిపి చెప్పింది. మార్తమ్మ గారు అందులో ఇప్పుడున్నదేదో మెల్లగా విడదీసుకున్నారు.

"మా ఇండ్లల్ల ఆడోళ్ళు పనులకు పోరు మేడం. బర్రెలున్నయ్, ఇంట్ల పాలకే. జీతగాడు సూసుకుంటడు" అంది అమ్మ.

జీతగాడు మానేసి చాలాకాలమైంది. నేను నేల చూస్తున్నాను. మార్తమ్మ గారు కాదనలేదు. పాలు పిండేదెవరని అడగనూ లేదు. ఇంటి కప్పు గురించి, బావి గురించి, నాన్న జబ్బు గురించి అడుగుతూ కూర్చున్నారు. పొద్దు వాలింది. పిండే వేళ దాటుతోంది. కొట్టంలో ఒక బర్రె అరిచింది. దాని వెనకే రెండోది అరిచింది. అమ్మ కదలలేదు. చేతులు మాత్రం కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. బర్రెలు ఇక ఆపకుండా అరుస్తున్నాయి. పొదుగు నిండితే వాటికి నొప్పి.

"అమ్మగారూ, గేదెలు మిమ్మల్నే పిలుస్తున్నాయి. పదండి, దూడను నేను పడతాను" అన్నారు మార్తమ్మ గారు, కాగితాలు చంకలో పెట్టుకుని లేస్తూ.

అమ్మ ఆమెను ఒక్క క్షణం చూసి లేచింది. కొట్టంలో తౌడు కలిపింది, దూడను విడిచింది. బర్రె చేపుకు రాగానే మార్తమ్మ గారు దూడను పక్కకు లాగి పట్టుకున్నారు. అమ్మ బర్రె డొక్కకు తల ఆనించి పిండుతూ, మా వైపు చూడకుండా అడిగినవాటికి జవాబులు చెప్పింది. ఎన్నింటికి లేస్తుందో, చొప్ప ఎవరు నరుకుతారో, తౌడు ఎక్కడ కొంటుందో అన్నీ చెప్పింది. పాలు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది.

"గిది ఊర్ల తెలుస్తదా బిడ్డా?"

"తెలియదమ్మా. ఢిల్లీకి పేర్లు పోవు, పనులు పోతాయి."

"నా బర్రెల సంగతి ఢిల్లీల ఎవనికి గావాలె?"

"మీలాంటివాళ్ళు చెప్పకపోతే, ఈ దేశంలో పాలు వానలా కురుస్తున్నాయని తేలుతుంది."

వెనక దర్వాజలో క్యానుతో నిలబడ్డ ఎల్లమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఊర్ల తెల్వందెవనికి దొరసానీ? నా బర్రె ఒట్టిపోయి ఆర్నెల్లాయె. అయినా కేంద్రంల దినాం పాలు పోస్తనే ఉన్న. వాళ్ళేమన్న పిచ్చోళ్ళా? గివి పటేలింటి పాలు, నీళ్ళుండయని ఎప్పుడో పేరు వెట్టిన్రు."

అమ్మ మళ్ళీ పిండసాగింది. పొదుగు ఖాళీ చేసి గిన్నె పక్కన పెట్టింది. "ఏమని రాసినవ్?" అంది.

"పశుపోషణ, పాల అమ్మకం. స్వంత పని."

"కూలి అని రాయలే గద?"

"లేదమ్మా. తౌడు కొనేది మీరు, పాలు అమ్మేది మీరు. మీ మీద ఇంకొకరు లేరు. స్వంత పనే."

"మల్లొక్కపారి సదువు" అంది అమ్మ. మార్తమ్మ గారు మళ్ళీ చదివారు.

మా ఇంట్లో ఎవరికి ఏ గ్లాసులో ఇవ్వాలన్నది అమ్మకు ఎప్పుడూ పట్టింపే. కోదాడ చర్చిలో పెరిగిన మార్తమ్మ గారికి ఆ రోజు నాన్న గ్లాసులో చాయ్ ఇచ్చింది. తన చాయ్ తెచ్చుకుని ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది.

ఆ మరుసటి నెల నేను ఊరికి పోయేసరికి అమ్మ ఇంట్లో లేదు. పాలకేంద్రం ముందు వరసలో క్యాను పట్టుకుని, పెళ్ళికి పోయిన మనిషిలా నిలబడి ఉంది. రాసుకునేవాడు పేరడిగితే తన పేరు చెప్పింది. పటేలు పెండ్లాం అనలేదు.

మార్తమ్మ గారు పదవీ విరమణ చేసి కోదాడలోనే కన్నుమూశారు. ఇప్పుడు సర్వే అంతా ట్యాబులో జరుగుతుంది. నా కింద పనిచేసే అమ్మాయిలు చురుకైనవాళ్ళు, ప్రశ్న చదివి జవాబు నొక్కేస్తారు. వాళ్ళతో నేను ఊళ్ళకు పోతాను. వాడపల్లి దగ్గర మొన్న ఒకావిడ ఇంట్లో ఖాళీగా ఉంటానంది. నేను ఆమె పక్కన చాప మీద కూర్చుని, పొద్దున లేచిన కాడి నుంచి చెప్పమన్నాను. నా నడుం ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. కూర్చున్నప్పుడు దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

అమ్మ చివరి ఏడాది మోకాళ్ళు పట్టేసి బర్రెలను తనే బేరమాడి ఎల్లమ్మకు అమ్మింది. అమ్మ పోయాక ఇల్లూ, రెండెకరాల చెలకా నేను అమ్మాను.