మానిటర్లను కాపాడిన జట్టు

గొడుగు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు, బస్సు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. నేను ఒక జట్టు గెలుపును, తమ్ముడి ఏడాదిని, హైదరాబాద్‌లో మా ఊరి పరువును ఒకే ఒక్క మాటతో పోగొట్టాను. ఆ మాట కనీసం తిట్టు కూడా కాదు. పాప ఇప్పుడే పడుకుంది, మళ్ళీ లేచేలోపు జరిగిన ఘోరం చెప్పేస్తాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పుట్టు భయస్తురాలిని. పాప నిద్రలో ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. ఆ వేలికే అది లేచి గంటసేపు ఏడుస్తుంది. అప్పుడు ఊపిరి బాగానే తీస్తోందని నిశ్చింతగా ఉంటాను.

గోదావరిఖనిలో డిగ్రీ చదివే రోజుల్లో ఈ భయమే నా విద్య. ఖాజా భాయ్ నెట్ సెంటర్‌లో మేం తుపాకుల ఆట ఆడేవాళ్ళం. ఐదుగురు బాంబు పెడతారు, ఐదుగురు దాన్ని ఆపుతారు. అంతే ఆట. గోడ అవతల అడుగుల చప్పుడు వినగానే అందరికంటే ముందు భయపడేదాన్ని నేనే కాబట్టి, అందరికంటే ముందు కనిపెట్టేదాన్నీ నేనే. అలా జట్టుకు నాయకురాలినయ్యాను. గురి మాత్రం నా తమ్ముడు శీనుది. మిగతా ముగ్గురూ వాడితో ఐటీఐ చదివిన దోస్తులు.

ఖాజా భాయ్ సెంటర్ ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. రోజూ మధ్యాహ్నం అక్కడ రాయిని పేల్చేముందు సైరన్ మోగేది. ఆ తర్వాత నేల ఒక్కసారి ఒళ్ళు విరుచుకునేది. సైరన్ వినగానే మా అమ్మ గూట్లోంచి గిన్నెలు దించేది. ఖాజా భాయ్‌కి గిన్నెలు లేవు, మానిటర్లున్నాయి. బియ్యం డబ్బాల్లాంటి పాత మానిటర్లు. అందులో ఒకటి ఆ అదురుకు కిందపడి పగిలిన రోజు ఆయన రెండు కట్టుబాట్లు పెట్టాడు. మొదటిది, ఆటలో చచ్చినవాళ్ళు నోరు మూసుకోవాలి. రెండోది, సైరన్ మోగితే ఎవరి ముందున్న మానిటర్‌ను వాళ్ళు రెండు చేతులతో పట్టుకోవాలి.

"మీరు సచ్చినా మల్ల బతుకుతరు. అది సస్తే మల్ల బతకది," అన్నాడు ఖాజా భాయ్. ఇంత వేదాంతం నేను డిగ్రీలో కూడా చదవలేదు.

చిక్కేమిటంటే, చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటే సైరన్ వినపడదు. కాబట్టి ఎడమ చెవి బయటపెట్టి ఆడే బాధ్యత భయస్తురాలికి దక్కింది. నేను "పట్టుకోండ్రి" అని అరవడం, ఐదుగురం ఐదు మానిటర్లను వాటేసుకోవడం. రెండేళ్ళపాటు రోజూ ఇదే సాధన. తుపాకీ కాల్చడంలో మాకంటే మొనగాళ్ళు ఉండొచ్చు గానీ, మానిటర్ పట్టుకోవడంలో దేశంలో మాకు పోటీ లేదు.

అలా ఉండగా హైదరాబాద్‌లో ఒక సంస్థ పోటీ పెట్టింది. ఆటగాళ్ళకు జీతాలూ జెర్సీలూ ఇచ్చి, కోచ్‌ను పెట్టి, ఊరూరా ఆడించే సంస్థ. గెలిచిన జట్టును ఏడాదిపాటు తీసుకుంటారట. ఆటకు జీతమేమిటని కాలనీ అంతా నవ్వింది. భూగర్భ గనిలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మా నాన్న, మా బాపు మాత్రం నవ్వలేదు. గనిలో అప్రెంటిస్ పనికి శీను పేరు రాసిన కాగితాన్ని తెచ్చి టీవీ మీద పెట్టాడు.

"గెలిస్తె ఏడాది ఆడుకో, నేనేమనను. ఓడితె సోమారం పొద్దుగాల దీని మీద సంతకం," అని నా వైపు తిరిగాడు. "పెద్దదానివి నువ్వే బిడ్డా. వాన్ని జర చూస్కో."

చూసుకున్నాను. ఎంతగా చూసుకున్నానంటే, హైదరాబాద్‌లో ఆ హాలుకు వెళ్ళగానే బల్లలు ఊగుతున్నాయేమో ఊపి చూశాను, వైర్లు తడిమాను, నిప్పంటుకుంటే ఏ తలుపులోంచి పరుగెత్తాలో అడిగాను. జెర్సీ వేసుకున్న సంస్థ మేనేజర్ ఓపికగా అన్నీ చెప్పి, ఆడటానికి వచ్చారా తనిఖీకి వచ్చారా అని అడిగాడు. ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగిన నేను ఒక్కటి మరిచిపోయాను. హాలు వెనక గోడకు అవతల ఏముందని.

ఫ్యాక్టరీ ఉంది.

ఫైనల్లో రెండు జట్లకూ పాయింట్లు సమానంగా వచ్చి, చివరి రౌండు మిగిలింది. అందులో గెలిచినవాళ్ళదే ఏడాది. నేను అందరికంటే ముందే చచ్చాను, ఒక తలుపు వెనక ఎవరైనా ఉన్నారేమోనని మూడోసారి చూస్తూ. తర్వాత దోస్తులు ముగ్గురూ వరుసగా పోయారు. మిగిలింది శీను ఒక్కడే. అవతల ఇద్దరు. వాడు ఒకణ్ణి మెట్ల దగ్గర, ఇంకొకణ్ణి పెట్టెల వెనక పడగొట్టి, టిక్కుటిక్కుమంటున్న బాంబు దగ్గరికి చేరాడు.

బాంబును ఆపాలంటే ఒక మీటను పది లెక్కపెట్టేవరకు నొక్కిపట్టాలి. మధ్యలో వేలు తీస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అంత సమయం మాకు లేదు.

శీను నొక్కాడు. నేను ఊపిరి బిగబట్టి మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు. వాడి మెడ మీద నరం ఉబ్బింది. నాలుగు. పక్కనున్న దోస్తు నా చున్నీ కొస నోట్లో పెట్టుకున్నాడు. ఐదు, ఆరు. మేనేజర్ మా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఏడు.

అప్పుడు నా ఎడమ చెవిలో సైరన్.

ఒక్కమాట గమనించండి. మిగతా నలుగురికీ రెండు చెవులూ మూసి ఉన్నాయి. నేను ఊరుకుంటే ఆ సైరన్ మోగినట్టు వాళ్ళకు తెలిసేదే కాదు. పైగా నేను చచ్చి ఉన్నాను, నోరు మూసుకోవాలన్న కట్టుబాటు ఉండనే ఉంది.

"పట్టుకోండ్రి," అని హెడ్‌ఫోన్ల మైకులో అరిచాను.

ఐదుగురం ఐదు మానిటర్లను వాటేసుకున్నాం. ఎంత చక్కగా, ఎంత ఒక్కసారిగా. నేనైతే చెంప కూడా ఆనించాను. కళ్ళు మూసుకుని నేల అదురుతుందని ఎదురుచూశాం. నేల అదరలేదు. అది గోడ అవతలి ఫ్యాక్టరీలో షిఫ్టు మారే సైరన్. తెర మీద బాంబు పేలింది. నా చెంపకు వెచ్చగా తగిలింది.

గెలిచినవాళ్ళు కూడా అరవడం మరిచిపోయి మమ్మల్నే చూస్తున్నారు. మేనేజర్ మెల్లగా ముందుకొచ్చాడు.

"ఏమైంది, కరెంట్ కొట్టిందా?"

"బ్లాస్టింగ్ సార్," అన్నాడు శీను, మానిటర్ వదలకుండానే.

"ఎక్కడ?"

శీను కొంచెం ఆలోచించాడు. "గోదావరిఖనిల."

ఆయన నా వైపు చూసి ఎంతో మర్యాదగా, "ఇక వదిలేయండి మేడమ్, అది మాదే," అన్నాడు.

తిరుగు బస్సెక్కాం. కరీంనగర్ దాటాక శీను కిటికీలోంచి చూస్తూనే అడిగాడు.

"అక్కా, ఎంత దాక వచ్చె లెక్క?"

"ఏడు."

"ఇంక మూడే గద," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి చేరేసరికి బాపు డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు. తప్పు నాదేనని, శీనును ఏమీ అనొద్దని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. బూట్ల తాళ్ళు విప్పుతూ అంతా విన్నాడు.

"మానిటర్ పగిలిందా?"

"లేదు బాపు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

బాపు లేచి టీవీ మీది కాగితం తీసి శీను చేతిలో పెట్టాడు. "సైరన్ అనంగనే చేతిల పని ఇడిసిపెట్టెటోడు గనిల కలకాలం బతుకుతడు. వీడు పరీక్ష పాసైండు," అన్నాడు.

సోమవారం శీను సంతకం పెట్టాడు. ఇప్పుడు గనిలో ఎలక్ట్రీషియన్. పెద్దపల్లిలో మా ఇంటికి ఎప్పుడొచ్చినా గడపలో నిలబడి "పట్టుకో అక్కా" అంటాడు గానీ లోపలికి రాడు. నేను తలుపు పట్టుకుంటే అప్పుడు వస్తాడు.

నేను మారాననుకున్నాను. నిన్న మధ్యాహ్నం పాపకు అన్నం తినిపిస్తుంటే రోడ్డు మీద అంబులెన్స్ పోయింది. తేరుకునేసరికి, గోడకు నాలుగు మరలతో బిగించిన టీవీని రెండు చేతులా కౌగిలించుకుని ఉన్నాను. కింద పాప తలమీద అన్నం గిన్నె బోర్లించుకుని, నాకంటే ధైర్యంగా నన్ను చూస్తోంది.

అందుచేత, నిద్రపోతున్న నా బిడ్డ సాక్షిగా, వేలు పెట్టి ఊపిరి చూడకుండానే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎక్కడ ఏ సైరన్ మోగినా ముందు పిల్లనే పట్టుకుంటాను. టీవీని ఆ తర్వాతే.